ప్రధానులు కాలేకపోయిన 4294967297 గారికి

అయ్యా,

తమరి పూర్తి పేరు నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ఒక్క గుక్కలో పలకబోయి రెండుసార్లు తప్పాను. ఇకమీదట 'మీరు' అనే అంటాను, ఏమనుకోకండి.

32 రెళ్ళను వరసగా గుణించి, చివర ఒకటి కలిపితే మీరు పుడతారు. ఇదే వంశంలో మీకు అయిదుగురు అన్నలు: 3, 5, 17, 257, 65537. ఒక రెండుకి ఒకటి కలిపితే పెద్దన్న 3; అక్కణ్ణించి ఒక్కో తమ్ముడికీ రెళ్ళ లెక్క రెట్టింపు. అందరూ నికార్సయిన ప్రధాన సంఖ్యలు. వాళ్ళని చూసే 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా, మీరూ, మీ వెనక పుట్టబోయే తమ్ముళ్ళూ అందరూ ప్రధానులేనని ఉత్తరాల్లో రాసేశాడు. రుజువు తన దగ్గర లేదని ఒప్పుకుంటూనే! అన్నల మార్కులు చూసి తమ్ముడికి సర్టిఫికెట్ ఇచ్చేయడమంటే ఇదే.

మీరేం చేశారు? నోరు విప్పలేదు. 92 ఏళ్ళు.

1732లో ఆయిలర్ అనే గణితవేత్త మీ జేబు తడిమితే 641 బయటపడింది. 641! మూడంకెల బుడతడు. దాన్ని 6700417తో గుణిస్తే అచ్చం మీరే. పైన పటారం, లోన లొటారం.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, మిమ్మల్ని పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. మీ కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. ఈ కిటుకూ ఆయిలర్‌దే. అలాంటి ప్రధాన సంఖ్యల్ని చిన్నదాంతో మొదలుపెట్టి వరసగా పిలిస్తే 193, 257, 449, 577, ఆ వెంటనే 641. అందులో 257 మీ అన్నే కనక ఆయన్ని పిలవక్కర్లేదు. ఎందుకంటే అన్నలు అయిదుగుర్నీ గుణిస్తే 4294967295, మీకన్నా సరిగ్గా రెండు తక్కువ. మిమ్మల్ని భాగించబోయిన ప్రతి అన్న చేతిలోనూ చివరికి మిగిలేది ఆ రెండే. అంటే మొత్తం నాలుగు భాగహారాలు. మీ పరువు ఖరీదు అంతే.

అసలు పరీక్ష ఫెర్మా చేతిలోనే ఉంది. ప్రధాన సంఖ్యల్ని జల్లెడ పట్టగల చిన్న సిద్ధాంతాన్ని ఆయన బయటపెట్టింది కూడా ఆ 1640లోనే. 2ను ఆధారంగా తీసుకుని ఆ పరీక్ష పెడితే మీరు దర్జాగా పాసవుతారు. అవ్వరా మరి, ఒళ్ళంతా రెళ్ళతో కట్టుకున్నారు, పేపరు దిద్దేది ఇంట్లోవాడే. 3తో పెడితే మాత్రం గుట్టు రట్టు. 3ను వర్గం చేసి, వచ్చినదాన్ని మళ్ళీ వర్గం చేసి, ఇలా 32 సార్లు, ప్రతిసారీ మీతో భాగించి శేషం ఉంచుకుంటే చాలు. మీరు నిజంగా ప్రధానులైతే చివర ఒకటి రావాలి. రాదు. ఫెర్మా ఆ పని చేసి ఉంటే ఈ ఉత్తరం రాసే బాధ నాకు తప్పేది.

మీ అన్న 17 చూడండి. 1796లో గణితవేత్త గాస్, పదిహేడు భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయొచ్చని చూపించి ఆయనకు శాశ్వత కీర్తి కట్టబెట్టాడు. మీకు దక్కింది? భాగహారం.

మీ తర్వాతివాళ్ళలో ఇంతవరకు ఒక్కరూ ప్రధానులుగా తేలలేదు. మీ ఇంట్లో వరస సున్నాతో మొదలవుతుంది కనక మీది 5వ నంబరు. 33వ నంబరు తమ్ముడి సంగతి ఇంకా ఎటూ తేలలేదు. 258 కోట్ల పైచిలుకు అంకెల ఒళ్ళు ఆయనది. ఆయన జేబులో ఏ బుడతడు దాక్కున్నాడో మీకు ముందే తెలిసుంటే, ఈసారైనా ఓ ముక్క రాసి పడేయండి.

ఇట్లు,
మిమ్మల్ని 641తో భాగించి చూసుకున్న ఒకడు