బియ్యం ఇచ్చినారు, సట్టి ఏది నాయనా?

2021 నవంబరు వరదల్ని నెల్లూరు వాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, హైవేకి గండి పడింది. ఆ వారం మేం నలుగురు స్నేహితులం చందాలు వేసుకుని, టాటా ఏస్‌లో బియ్యం సంచులు, దుప్పట్లు వేసుకుని ఇందుకూరుపేట వైపు ఒక ఎస్టీ కాలనీకి పోయాం. యానాదుల కాలనీ, ముప్పై గడపలు ఉంటాయేమో. అందర్నీ వరసలో నిలబెట్టాం. ఒక్కొక్కరి చేతిలో సంచి పెట్టి ఫోటో తీసుకున్నాం. ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటే, "తియ్యమ్మా, ఫోటో సరిగ్గా రావాలి" అన్నది నేనే.

గంటన్నరలో అంతా అయిపోయింది. బండి ఎక్కబోతుంటే ఒక అవ్వ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది. "బియ్యం ఇచ్చినారు సరే. వండుకునేదానికి సట్టి ఏది నాయనా?"

గుడిసెల్లోకి నీళ్ళొచ్చి సట్లు, చేపలు పట్టే వలలు, ఊతలు, ఎలకబొక్కల్లోకి పొగ ఊదే కుండలు అన్నీ పోయాయంట. ఒక్క పుల్ల కూడా పొడిగా లేదు. మేం గంటన్నర సేపు అక్కడే ఉండి ఒక్క గుడిసెలోకీ తొంగి చూడలేదు. ఏం కావాలని ఒక్కరినీ అడగలేదు. ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు, అందుకే ఇంత పొడుగు పోస్టు.

ముందుగా మాట తీరు గురించి చెప్తాను, నాకు అన్నిటికంటే బాధనిపించేది అదే. మనం బ్యాంకులో పాతికేళ్ళ కుర్రాణ్ణి "మీరు" అంటాం. అదే కాలనీకి పోయేసరికి డెబ్బై ఏళ్ళ పెద్దాయన "నువ్వు" అయిపోతాడు. "ఏం తాతా, తాగుతావా?" అనేది మొదటి ప్రశ్న. మనం పలకరింపు అనుకుంటున్నాం గానీ అది పోలీసు అడిగినట్టు ఉంటుంది. మన ఇళ్ళల్లో మురికిగా ఉన్న పిల్లల్ని "యానాదోడిలా ఉన్నావ్" అని తిడతారు. ఆ తిట్టు వింటూ పెరిగిన మనం, వాళ్ళ గడప ముందుకు పోయేముందు నోరు కడుక్కుని పోవాలి.

వాళ్ళు కొత్త మనిషిని చూసి ఎందుకు బెదురుతారో కూడా తెలుసుకోవాలి. బ్రిటిష్ వాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. మన వైపు ఎరుకల వాళ్ళనీ, కొన్ని చోట్ల యానాదుల్నీ ఆ లెక్కలో రాశారు. తప్పు చేసినా చెయ్యకపోయినా పుట్టుకతోనే పేరు రికార్డుకెక్కేది, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. కావలిలో ఎరుకల కుటుంబాల కోసం సెటిల్‌మెంట్ పెట్టారు, అంటే నిఘాలో ఉంచే కాలనీ, దాన్ని మిషనరీలు నడిపారు. వాళ్ళూ మంచి చేస్తున్నామనే నమ్మి ఉంటారు. ఆ చట్టం దేశమంతా రద్దయింది 1952లో, అంటే మొన్న మొన్నే. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన వాళ్ళలో గిరిజనుల కోసం పనిచేసిన మన వెన్నెలకంటి రాఘవయ్య గారు ముందుంటారు. అలాంటి చరిత్ర ఉన్న చోటికి మనం నోట్‌బుక్కు, కెమెరా పట్టుకుని పోయి "మీ పేరేంటి, ఎంతమంది ఉన్నారు" అని మొదలుపెడితే వాళ్ళు తలొంచుకోక ఏం చేస్తారు?

అడగకుండా చేసిన మేలు కీడుగా మారడం కూడా చూశాను. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఒక కుటుంబం అడ్వాన్స్ బాకీలో ఇరుక్కుంది. బాకీ కింద మనిషిని కట్టేసుకోవడం 1976 చట్టం ప్రకారం నేరం, అందులో రెండో మాట లేదు. మాకు తెలిసినతను ఆవేశంతో వాళ్ళ ఫోటోతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. వాళ్ళని ఒక్క మాట అడగలేదు. ఆ రాత్రే గుంట యజమాని సామాన్లు బయట పడేశాడు. చంకలో బిడ్డతో ఆ తల్లి కట్ట మీద కూర్చుంది. పోస్టుకి లైకులు మాత్రం బాగా వచ్చాయి. ఫిర్యాదు చెయ్యొద్దని నేను అనట్లేదు, చెయ్యాల్సిందే. కానీ ఆ రాత్రి వాళ్ళు ఎక్కడ పడుకుంటారు, మర్నాడు ఏం తింటారు అనేది వాళ్ళతో కూర్చుని మాట్లాడాకే చెయ్యాలి.

మన జిల్లాలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. దూబగుంట అనే ఊరికి అక్షరాస్యత కార్యక్రమం వాళ్ళు పలకలు, పుస్తకాలు పట్టుకుని పోయారు, ఆడవాళ్ళకి చదువు చెప్పాలని. రాత్రి బడిలో ఆ ఆడవాళ్ళు మాట్లాడింది సారా గురించి. కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయో, రాత్రిళ్ళు ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పుకున్నారు. "అదంతా మాకెందుకు, మీరు అఆలు దిద్దండి" అని ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. అనలేదు, విన్నారు. ఆ ఊరి రోశమ్మ గారు, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, సారా కొట్ల వేలంపాటలు ఆగిపోయాయి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఊరికి ఏం కావాలో ఊరి ఆడవాళ్ళే చెప్పారు. బయటినుంచి వచ్చినవాళ్ళు చేసిన పెద్ద పని, ఆ మాటకి అడ్డం పడకపోవడం.

మేం ఆ కాలనీకి వారం తర్వాత మళ్ళీ పోయాం, ఈసారి ఉత్త చేతులతో. చాలా సిగ్గుగా అనిపించింది. అవ్వ గుడిసె ముందు నేల మీద కూర్చున్నాం. ఆమె టీ ఇచ్చింది, పాలు లేని టీ. నా స్నేహితుడు గ్లాసు వైపు చూసి కాసేపు వెనకాడాడు. అవ్వ అది గమనించింది. వాడూ గమనించాడు ఆమె గమనించిందని, వెంటనే తాగేశాడు. ఆ తర్వాతే మాటలు వచ్చాయి. ముందు సట్లు కావాలన్నారు. తర్వాత వలలు, అవి ఉంటే మూడో రోజుకల్లా వాళ్ళ తిండి వాళ్ళు చూసుకుంటారంట. పెద్ద సమస్య కాగితాలు. ఆధార్ కార్డులు కొందరివి నీళ్ళల్లో పోయాయి, కొందరికి అసలు తీయించనే లేదు. ఆ కాగితం లేక రేషన్ లేదు, ఇంటి స్థలం లేదు, పిల్లకి హాస్టల్ సీటు లేదు. మేం తీసుకుపోయిన దుప్పట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

అక్కడ అంతా మంచే ఉందని కూడా నేను చెప్పను. తాగుడు ఉంది, చిన్న వయసు పెళ్ళిళ్ళు ఉన్నాయి, బడి మానేసిన పిల్లలు ఉన్నారు. వాటి గురించి అవ్వే నాతో మాట్లాడింది, మూడో సంవత్సరంలో. మొదటి రోజే నేను ఎత్తి ఉంటే ఆ నోరు మూతపడి ఉండేది.

తుపాన్ల కాలం మళ్ళీ వస్తోంది. ఈసారి ముందే ఫోన్ చేసి అడిగాను. గుడిసెల మీదకి టార్పాలిన్ పట్టలు, రెండు వలలు, ఆధార్ సెంటర్‌కి పోయేరోజు రెండు ఆటోలు కావాలన్నారు. ఆటోలు ఈ మంగళవారం పొద్దున ఏడింటికి బయల్దేరతాయి. సెంటర్‌లో ఫారాలు నింపడానికి ఇద్దరు మనుషులు తక్కువ పడుతున్నారు. వచ్చేవాళ్ళు కామెంట్‌లో చెప్పండి. ఫోటోలు వద్దని అవ్వ ముందే చెప్పింది.