ఒక సున్నా ఎక్కువ పడితే

రెండేళ్ల కిందట జూన్ 15న మా బావగారి అడ్వాన్స్ ట్యాక్స్, అంటే ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే ఆదాయపు పన్ను, కట్టింది నేనే. 60 దాటినవాళ్లకు వ్యాపారం, వృత్తి మీద ఆదాయం లేకపోతే ఈ బాధ లేదు. ఆయన రిటైరయ్యాక కూడా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండు కంపెనీలకు కన్సల్టెన్సీ చేస్తారు, కాబట్టి తప్పదు. కంపెనీలు ముందే కోసుకునే పన్ను (టీడీఎస్) పోగా ఏడాదికి 1,20,000 కట్టాలని తేలింది. జూన్ వాయిదా అందులో 15 శాతం, అంటే 18,000. నేను 1,80,000 కొట్టాను. ఓటీపీ కూడా చకచకా ఇచ్చేశాను. చలానా రసీదులో అక్షరాల్లో 'వన్ లాక్ ఎయిటీ థౌజండ్ ఓన్లీ' అని చూసేదాకా తెలియలేదు. ఆ 'ఓన్లీ' గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బావగారికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మనవడి ఫీజుకని ఉంచిన డబ్బయ్యా అది" అన్నారు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

తప్పు నాదే. నా గొడవంతా ఆ తర్వాత జరిగినదాని గురించి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో చలానా సవరణ అని ఒకటుంది. ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు అసెస్‌మెంట్ ఇయర్, అంటే ఆ పన్ను ఏ ఏడాది లెక్కకు చేరాలో అది, తప్పు పడితే 7 రోజుల్లోగా మార్చుకోవచ్చు. అడ్వాన్స్ ట్యాక్స్ బదులు, ఏడాది ముగిశాక కట్టే సెల్ఫ్ అసెస్‌మెంట్ ట్యాక్స్ నొక్కితే 30 రోజుల దాకా టైముంది. సొమ్ము తప్పు పడితే మాత్రం ఏ దారీ లేదు. కంగారులో జనం తప్పులు నొక్కుతారని శాఖకు బాగా తెలుసన్నమాట. డబ్బు వెనక్కివ్వాల్సిన తప్పొక్కటీ వదిలేసి మిగతావి దిద్దుకోనిస్తుంది.

చేయగలిగింది ఒక్కటే, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి వాయిదాలు కట్టకుండా ఊరుకోవడం. 1,20,000 అలా సర్దుకుంది. మిగిలిన 60,000 కోసం రిటర్న్ వేయాలి, దానికి ఆర్థిక సంవత్సరం ముగియాలి. ఆ రిటర్నులు చూసే కేంద్రం మన ఎలక్ట్రానిక్ సిటీలోనే ఉంది, మా అపార్ట్‌మెంటు నుంచి ఆటోలో వెళ్లిరావచ్చు. వెళ్లి ఎవరినడుగుతాం? అక్కడ పని చూసేది కంప్యూటరు.

వడ్డీ సంగతి ఇంకా బాగుంటుంది. రీఫండు మీద నెలకు అరశాతం ఇస్తారు, అదీ రిటర్న్ గడువులోగా వేస్తే ఏప్రిల్ 1 నుంచే. జూన్ నుంచి మార్చి దాకా తొమ్మిదిన్నర నెలలకు ఒక్క పైసా లేదు. జూలై ఆఖర్లో రిటర్న్ వేశాం, ఆగస్టులో డబ్బు పడింది. అయిదు నెలలకు 1,500. దాన్ని మళ్లీ ఆదాయంలో చూపించి పన్ను కట్టాలి. రీఫండు అసలు పన్నులో 10 శాతానికి లోపుంటే ఆ వడ్డీ కూడా రాదు. అదే మనం వాయిదా తక్కువ కట్టామనుకోండి, నెలకు ఒక శాతం చొప్పున గుంజుతారు.

పొరపాటున ఎక్కువ కట్టిన సొమ్ము వెంటనే వెనక్కివ్వాలంటాను నేను. ఇలా వెనక్కిస్తూ పోతే దొంగ డబ్బు తిప్పేవాళ్లు వాడుకుంటారని ఒక ఆడిటర్ మిత్రుడు వాదించారు. కొట్టిపారేసే మాట కాదు. కానీ అదే పాన్, అదే బ్యాంకు ఖాతా, 7 రోజుల గడువు అని కట్టుదిట్టం చేస్తే ఏ దొంగకు లాభం? కావాలంటే 500 రుసుము పెట్టమనండి, నేను సంతోషంగా కడతాను. ఏడాది గుర్తించి మార్చగలిగిన యంత్రానికి సున్నా తీసేయడం పెద్ద పనేం కాదు.

మొన్న జూన్‌లో మళ్లీ వాయిదా కట్టాల్సి వచ్చింది. బావగారు లైన్లోనే ఉండి, నేను నొక్కబోయే ముందు, "ఆగు, పైకి చదువు" అన్నారు. ఇరవై ఒక్క వేలు అన్నాను. "అలా కాదయ్యా, ఒక్కో అంకె చదువు" అన్నారు.