డేటా గడప దాటాల్సిన పనేముంది?

పరిశోధన కోసం రోగుల డేటా ఇచ్చేటప్పుడు అధికారులు చెప్పే మాట ఒకటే: పేర్లు తీసేశాం, టెన్షన్ అక్కర్లేదు. ఆ భరోసా చెల్లదని తేలి పాతికేళ్లు దాటింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను ఇలాగే పేర్లు తీసేసి, పుట్టినతేదీ, ఆడా మగా అన్నది, పిన్‌కోడ్ మాత్రం ఉంచి పరిశోధకులకు ఇచ్చారు. లతాన్యా స్వీనీ అనే ఎంఐటీ విద్యార్థిని 20 డాలర్లకు కేంబ్రిడ్జ్ ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టినరోజునే పుట్టినవాళ్లు అందులో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే. గవర్నర్ వైద్య రికార్డు పట్టుబడిపోయింది.

మన ఓటర్ల జాబితాకు ఆ 20 డాలర్లూ అక్కర్లేదు. తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసుతో సహా ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు మూలం కనుక్కోవడానికి ఏళ్ల తరబడి రక్తం, నీళ్ల నమూనాలు తీసుకెళ్తూనే ఉన్నారు. ఆ పరిశోధన జరిగి తీరాలి. కానీ ఊరు, కులం, వయసు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒకే వరసలో ఉంటే ఆ మనిషెవరో రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. ఆ ఇంటి పిల్లకు సంబంధం చూసేవాళ్ల చెవినా పడుతుంది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్‌లో పరిశోధనకు మినహాయింపు ఇచ్చేసింది. ఆ డేటాతో ఫలానా వ్యక్తిపై నిర్ణయం తీసుకోకుండా, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే చాలు. డేటాను ఉన్నచోటు నుంచి కదపొద్దన్న ముక్క ఆ ప్రమాణాల్లో లేదు.

కట్టడి చేస్తే పరిశోధన ఆగిపోతుందనేవాళ్లు 2020లో బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడాలి. కొవిడ్ ఎవరి ప్రాణం ఎక్కువగా తీస్తోందో తేల్చడానికి అక్కడ ఓపెన్‌సేఫ్లీ అనే పరిశోధన వేదిక 1.7 కోట్లకు పైగా రోగుల రికార్డులను జల్లెడ పట్టింది. పరిశోధకుడు ప్రోగ్రామ్ రాసి పంపుతాడు. అది రికార్డులున్న చోటే నడుస్తుంది. లెక్కల పట్టికలు మాత్రమే, అవీ తనిఖీ అయ్యాకే బయటికొస్తాయి. ఎవరు ఏ ప్రోగ్రామ్ నడిపారో అందరూ చూడొచ్చు. నెలల్లోనే ఫలితాలు వచ్చేశాయి. ఆరోగ్యశ్రీ రికార్డులకు ఇదే పద్ధతి పెట్టడానికి అడ్డేమిటి?

మన పాలకులకు ప్రైవసీ అంటే పట్టదని కాదు, ఎవరి ప్రైవసీ అన్నదే తేడా. ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె) క్లాజును తిరగరాసింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న షరతును ఆ క్లాజులోంచి ఎత్తేసింది. అధికారి ఆస్తుల గురించి అడిగినవాణ్ని ‘వ్యక్తిగతం’ అంటూ తిప్పిపంపడం ఇక తేలిక. డయాలసిస్ మంచం మీదున్న రైతుకు మాత్రం ఆ పాటి అడ్డుగోడ లేదు. ముందుగా ప్రభుత్వం ఉద్దానం నమూనాల డేటా ఇప్పుడు ఏ ఏ సంస్థల చేతుల్లో ఉందో, ఏ షరతులపై ఇచ్చారో ఆ ఊళ్ల పంచాయతీల గోడల మీద అతికించాలి.