సీజనల్ వర్కర్ వీసా దరఖాస్తు పత్రం వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ బ్రిటన్ సీజనల్ వర్కర్ వీసా దరఖాస్తు పత్రం గారికి, హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక సందులో జిరాక్స్, ఇంటర్నెట్ దుకాణం నడుపుకునే ఒక సామాన్యుడు నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు సర్వర్ల చల్లదనంలో సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా కంప్యూటరు, స్కానరు, ఇన్వర్టరు తమ దయవల్ల క్షేమం.

జావా, పైథాన్ నేర్పే కోచింగ్ సెంటర్ల హోర్డింగుల మధ్య మా బోర్డు చిన్నది గనుక తమరి దృష్టికి వచ్చి ఉండదు. ఆ సెంటర్లకు వచ్చేవారు అమెరికాలో పై చదువుకో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో పోదలచినవారు. మా దుకాణానికి వచ్చేవారిలో చాలామంది జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు నుంచి తెల్లవారుజామున బస్సెక్కి జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, మెట్రో మారి, చంకలో ప్లాస్టిక్ ఫైలుతో మెట్లెక్కేవారు. వారి ఇళ్లలో తండ్రో, మేనమామో గల్ఫ్ చూసి వచ్చినవారే కాబట్టి పరదేశం పోవడం వారికి కొత్త కాదు. తమరే వారికి కొత్త. అందుచేత తమరిని నింపిపెట్టే పని నా మీద పడింది. పేజీకి ఇంత అని తీసుకుంటాను, రసీదు కూడా ఇస్తాను.

తమ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోతే తూర్పు యూరప్ కూలీలు రావడం తగ్గుతుందన్న దిగులుతో బ్రిటన్ వారు 2019లో 2,500 మందికి పరిమితం చేసి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పథకం 2025 నాటికి తోటపనికి 43,000, కోళ్ల పరిశ్రమకు 2,000 వీసాల దాకా ఎదిగింది. ఆరు నెలలు స్ట్రాబెర్రీలు, రాస్ప్‌బెర్రీలు కోయాలి, తోట పక్కన కారవాన్‌లో పడుకోవాలి, భార్యాబిడ్డలను తీసుకురాకూడదు, గడువు కాగానే వెళ్లిపోవాలి. షరతులు కఠినమే అయినా వాటిలో దాపరికం లేదు. పని ఉన్నా లేకపోయినా వారానికి 32 గంటల కూలి ఇవ్వాలన్న నియమం కూడా ఉన్నది. 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు కాబట్టి వారానికి 390 పౌండ్ల పైచిలుకు. మా కౌంటరు దగ్గర ఈ లెక్కను రూపాయల్లోకి మార్చి చెప్పినప్పుడు అవతలి మనిషి ముఖం వెలుగుతుంది. తరువాతి పేజీ తెరిచేవరకు ఆ వెలుగు ఉంటుంది.

ఆ తరువాతి పేజీలోనే తమరు దరఖాస్తుదారు బ్యాంకు ఖాతాలో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉన్నట్టు రుజువు అడుగుతారు. నేటి మారకపు ధరలో అది లక్షన్నర రూపాయలకు దగ్గర. ఇరవై ఎనిమిదో రోజు దరఖాస్తు చేసే తేదీకి 31 రోజుల లోపు పడాలి. మధ్యలో ఒక్క రోజు నిల్వ తగ్గినా మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క మొదలు. మొన్న ఒక కామారెడ్డి యువకుడికి ఈ నిబంధన చదివి వినిపిస్తే, అతను కాసేపు తెర వంక చూసి, "అన్నా, గన్ని పైసలు నా ఖాతాల ఉంటే గంత దూరం పండ్లు తెంపెటందుకు నేనెందుకు పోత?" అని అడిగాడు. నేను తమరిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెదికాను. ఆ ప్రశ్నకు తమ దగ్గర గడి లేదు.

ఆకలితో పంక్తిలో కూర్చున్నవాడిని, నీ కడుపు 28 రోజులుగా నిండుగా ఉన్నదని రుజువు చూపితేనే విస్తరి వేస్తామనడం మర్యాద అనిపించుకోదని మా వైపు పెద్దలు అంటారు. దాని వెనుక తర్కం ఏమిటో తమరు చెప్పకపోయినా నేను ఊహించగలను: వచ్చినవాడు మొదటి జీతం చేతికందేలోగా పస్తులుండి తమ ప్రభుత్వానికి భారం కాకూడదు. న్యాయమే. కాని ఆ భారాన్ని తప్పించుకోవడానికి తమరు ఎంచుకున్న మార్గం వల్ల మా నగరంలో ఒక కొత్త వృత్తి వర్ధిల్లుతోందని తమ సముఖానికి మనవి చేయక తప్పదు. బ్యాలెన్స్ చూపించే పెద్దమనుషులు కొందరు ఉన్నారు. వారు ముందుగానే వడ్డీ కోసుకుని, దరఖాస్తుదారు ఖాతాలో లక్షన్నర వేసి, అతని ఏటీఎం కార్డునూ సంతకం చేసిన చెక్కునూ తమ బీరువాలో భద్రపరచి, ఇరవై తొమ్మిదో రోజు ఉదయాన బ్యాంకు తలుపు తెరవగానే సొమ్ము వెనక్కి తీసుకుంటారు. ఆ 28 రోజులు ఆ యువకుడు తన పేరిట ఉన్న లక్షన్నరకు యజమాని; బస్సు టికెట్టుకు మాత్రం స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుంటాడు. ఇటువంటిది బయటపడితే మోసం కింద లెక్కగట్టి పదేళ్లపాటు గడప తొక్కనివ్వమని తమ నియమావళి హెచ్చరిస్తుంది. అబద్ధం చెప్పక తప్పని ప్రశ్న వేసి, చెప్పినందుకు శిక్ష వేసే ఏర్పాటులో ఎంతో పొదుపు ఉన్నది. ఒకే కాగితంతో రెండు పనులూ అవుతున్నాయి.

ఋతువులను బట్టి మనుషులను తెప్పించి పంపించే విద్య తమరే కనిపెట్టారని అనుకుంటున్నారేమోనని ఒక చిన్న సంగతి మనవి చేస్తాను. ఈ హైదరాబాదు చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలు వానాకాలం పోయాక వచ్చి, మళ్లీ వానలు పడేలోగా వెళ్లిపోతాయి. పాలమూరు కూలీలు దేశమంతటా డ్యాములూ కాలువలూ కట్టి వచ్చారు. వారిని తీసుకుపోయే గుంపు మేస్త్రీకి దరఖాస్తు పత్రం లేదు, బయోమెట్రిక్ లేదు, ఫొటో కొలతలు లేవు. వాడు ఊళ్లోకి వచ్చి, పంట పోయిన ఇంటి అరుగు మీద కూర్చుని, ముందు పైసలు చేతిలో పెడతాడు. ఆ అడ్వాన్సు తీర్చడానికి మనిషి ఎన్ని నెలలు వెట్టి చేయాలో, లెక్కల పుస్తకంలో మేస్త్రీ ఏం రాస్తాడో అందరికీ తెలుసు. అందుకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తేవలసి వచ్చింది. మేస్త్రీని నేను మెచ్చుకోవడం లేదు. అయినా తన ఎదుట ఉన్నవాడి దగ్గర డబ్బు లేదన్న మొదటి సత్యం అతనికి తెలుసు. తమరి దగ్గర ఇంత సాంకేతికత ఉండి కూడా ఆ ఒక్క విషయం అంతుచిక్కడం లేదు.

ఇక పేర్ల సంగతి. మా ఇంటిపేరు ముందు నడుస్తుంది, మనిషి వెనుక వస్తాడు. తమరు ఆ క్రమాన్ని తిరగవేయమంటారు; ఫరవాలేదు, తిరగవేస్తాం. కాని చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఇరుక్కుని ఉంటుంది. అటువంటివాడు అమెరికా వీసాకు పోతే అసలు పేరు ఇంటిపేరు గడిలోకి జరిగి, పేరు గడిలో 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. పుట్టిన తేదీల విషయంలోనూ తమరు కొంత ఉదారంగా ఉండాలి. మా పల్లెల్లో ఒక తరం మొత్తం జూన్ ఒకటినో, జూలై ఒకటినో పుట్టింది; బడిలో చేర్చుకున్న పంతులుగారు ఎత్తు చూసి వేసిన తేదీలవి.

గుణగణాల విభాగం వచ్చేసరికి మా దుకాణంలో కొంత నిశ్శబ్దం ఏర్పడుతుంది. దరఖాస్తుదారు ఎప్పుడైనా యుద్ధ నేరాలలో పాల్గొన్నాడా, జాతి నిర్మూలనకు పాల్పడ్డాడా, ఉగ్రవాదాన్ని సమర్థించే అభిప్రాయాలు ఏ మాధ్యమంలోనైనా వెలిబుచ్చాడా అని తమరు వరుసగా అడుగుతారు. నేను ఒక్కొక్కటే తెలుగులో చెబుతూ పోతాను, అతను తల అడ్డంగా ఊపుతూ పోతాడు, నేను 'లేదు' మీద నొక్కుతూ పోతాను. జాతి నిర్మూలన చేసినవాడెవడైనా స్ట్రాబెర్రీల కోతకు దరఖాస్తు పెట్టుకుని ఇక్కడ నిజం ఒప్పుకున్న సందర్భం తమ రికార్డుల్లో ఉంటే చూడాలని నాకు కుతూహలం. అన్నిటికీ చివర, తమరు మంచివారు కారని అనిపించే పని ఇంకేదైనా ఎప్పుడైనా చేశారా అన్న ప్రశ్న ఉన్నది. దీనికి మాత్రం అమాయకులు ఆలోచనలో పడతారు. ఒకతను చాలాసేపు ఆలోచించి, "చిన్నప్పుడు పక్కోళ్ల చేన్ల మక్కకంకులు తెంపిన, రాయాల్నా?" అన్నాడు. దాన్ని నేరం కింద రాయాలో, పంట కోతలో పూర్వానుభవం కింద రాయాలో నాకు పాలుపోలేదు.

తమ అమెరికా అన్నగారు, వ్యవసాయేతర తాత్కాలిక కూలీల వీసా అయిన హెచ్-2బి గారి గురించి రెండు ముక్కలు. చట్టం ప్రకారం ఏడాదికి మామూలు కోటా 66,000గా ఉన్న ఆయనకు అండగా 1952 నాటి వలస చట్టంలో 214(బి) అనే సెక్షను ఉన్నది. దాని ప్రకారం వచ్చిన ప్రతివాడూ అక్కడే స్థిరపడిపోదామని చూస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని నిరూపించుకునే బాధ్యత వాడిదే. అందుకని మావాడు ఎకరం ఇరవై గుంటల పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్తాడు. ఆ నేలలో బోరు ఎండి పంట రాకపోవడం వల్లనే అతను బయలుదేరాడు. ఇప్పుడు అదే నేలను చూపించి, దీని కోసం తప్పక తిరిగి వస్తానని కిటికీ అవతలివారిని నమ్మించాలి. ఇటలీ చెల్లెలి పద్ధతి వేరు. అక్కడ కోటా తెరిచే రోజున యజమానులు కంప్యూటర్ల ముందు కాచుకుని మీట నొక్కాలి. 2025లో సీజనల్ పనులకు ఫిబ్రవరి 12 అటువంటి రోజు. తత్కాల్ రైలు టికెట్లు బుక్ చేసి చేయి తిరిగిన నాలాంటివాడికి ఆవిడ మీద కొంత గౌరవం ఉన్నది.

ఈ కౌంటరు దిగి చాలామంది నేరుగా చిలుకూరు పోతారు. అక్కడ వీసా బాలాజీ సన్నిధిలో కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరాక నూట ఎనిమిది. ఆ గుడిలో హుండీ లేదు. తమ ఫీజు 2025 ఏప్రిల్‌లో 298 నుంచి 319 పౌండ్లకు పెరిగిందని స్వామికి ఎవరైనా విన్నవించారో లేదో తెలియదు.

తమరు అడగనిది కూడా ఒకటి ఉన్నది, అది అడిగితే బాగుండేది. ఈ ఉద్యోగం కోసం ఎవరికి ఎంత ఇచ్చావు అన్న ప్రశ్న ఇన్ని పేజీలు నింపినా నాకు తటస్థపడలేదు. పని ఇప్పించినందుకు కూలివాడి దగ్గర రుసుము తీసుకోవడం 1973 నాటి చట్టం ప్రకారం తమ దేశంలో చట్టవిరుద్ధం. మా దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. నమోదు ఉన్నదో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు, మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న రాష్ట్ర ప్రభుత్వపు విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్‌కు పోయి అడగవచ్చు. నేను వచ్చినవారందరికీ ఇది చెబుతాను. వారు తల ఊపుతారు, అప్పటికే ఊళ్లో ఏజెంటు చేతిలో పెట్టిన లక్షల సంగతి పెదవి దాటనివ్వరు. అప్పు ఇచ్చినవాడు ఇంటి ముందు కూర్చుంటాడని భయం, ఏజెంటు పేరు చెబితే పాస్‌పోర్టు ఇవ్వడని భయం. కారవాన్‌కు రోజుకు జీతంలో ఎంత కోసుకోవచ్చునో తమ నిబంధనల్లో పైసలతో సహా రాసి ఉంటుంది; 2025 ఏప్రిల్‌లో అది 10.66 పౌండ్లు. ఈ అప్పుకు వడ్డీ ఎంతో ఎక్కడా రాసి ఉండదు, కాని మొదటి రెండు మూడు నెలల పండ్లన్నీ దానికే పోతాయి.

కనుక నా విన్నపం చాలా చిన్నది, దానికి తమరు కొత్త పేజీ చేర్చనక్కరలేదు. కూలీని పిలిపించే సంస్థ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌లో ఒక గడి ఇప్పటికే ఉన్నది: ఆ సంస్థ అక్కడ టిక్కు పెడితే, వచ్చినవాడి మొదటి నెల తిండికీ వసతికీ పూచీ తమదేనని ఒప్పుకున్నట్టు. అప్పుడు 1,270 పౌండ్ల ఊసు ఉండదు, 28 రోజుల లెక్క ఉండదు. ఆ టిక్కు పెట్టడం ప్రస్తుతం సంస్థ ఇష్టం మీద ఆధారపడి ఉన్నది. ఆ సంస్థ పిలిపించేది తోటల యజమానుల కోసం: మనిషి కావలసింది వారికి, ఖాళీగా ఉన్న తోట వారిది, వానకు కుళ్లిపోయేవి వారి పండ్లు. కాబట్టి ఆ టిక్కును సంస్థకు తప్పనిసరి చేయవలసిందిగా ప్రార్థన.

ఇలా చేస్తే మా నగరంలో బ్యాలెన్స్ చూపించే పెద్దమనుషుల జీవనోపాధి దెబ్బతింటుందని తమరు సంకోచించనక్కరలేదు. వారు కూడా మా దుకాణానికే వచ్చి తమకు దరఖాస్తు పెట్టుకుంటారు, వారి ఫారాలు నేనే స్వయంగా నింపిస్తాను. గుణగణాల విభాగంలో కొంత తడబడినా, ఖాతా నిల్వ దగ్గర మాత్రం తమరు వారిలో ఏ లోపమూ ఎంచలేరు.

ఇట్లు,
తమ విధేయుడు,
జిరాక్స్ దుకాణం యజమాని,
అమీర్‌పేట, హైదరాబాదు.