మావోడు కార్లు ఆపుతాడు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం పత్రికలో నివాళి పేజీ ఒకటుంది. పది పన్నెండేళ్లుగా చదువుతున్నాను. అందులో పోయినవాళ్లందరూ ఒకేలా బతికారు. "దైవభక్తి, కుటుంబం, వృత్తి, ఈ మూడూ ఆయనకు ప్రాణం" అని మొదలవుతుంది. ఏ ఊళ్లో పుట్టారో, ఏ కాలేజీలో చదివారో, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారో చెప్పి "తీరని లోటు" దగ్గర ఆగుతుంది. పేర్లూ ఫొటోలూ అటూ ఇటూ మార్చి అచ్చేసినా ఇంట్లోవాళ్లు తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు.

మా బావ పోయి ఏడాది దాటింది. మా పెద్దమ్మ కూతురి, అంటే మా అప్ప భర్త. శ్రీకాకుళం మనిషి. డెట్రాయిట్ చుట్టుపక్కల ముప్పై ఏళ్లు కార్ల బ్రేకుల మీద పనిచేశాడు. సంపాదకవర్గంలోని మిత్రుడు ఫోన్ చేసి, రెండు వందల మాటల్లో నివాళి రాసిమ్మన్నాడు. కూర్చున్నాను. మొదటి వాక్యం దానంతటదే వచ్చేసింది. దైవభక్తి, కుటుంబం, వృత్తి... కొట్టేశాను. అబద్ధమని కాదు, మూడూ నిజమే. కానీ ఆ వాక్యంలో మా బావ ఎక్కడా కనపడలేదు. అందుకే ఇది ఆ పేజీకి కాకుండా ఇక్కడికొచ్చింది, మాటలు కూడా లెక్క దాటిపోయాయి. పేరు వెయ్యొద్దంది అప్ప. "పేరేస్తే ఫొటో అడుగుతారు, ఫొటో ఇస్తే దండేసేస్తారు, ఒద్దురా" అంది.

మనవాళ్లు ఎక్కడ కలిసినా ఏ కంపెనీ అని అడుగుతారు, ఏ పొజిషన్ అని అడుగుతారు, ఇల్లు ఎక్కడ కొన్నారని అడుగుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారండీ అని అడిగినవాణ్ణి నేను చూడలేదు. బావ వాళ్లమ్మగారు మాత్రం అడిగింది. "కార్లు తయారు చేస్తావేటి నాయనా?" అంటే, "కాదమ్మా, ఆపుతాను" అన్నాడట. ఆవిడ వీధంతా అదే చెప్పుకుంది, మావోడు అమెరికాలో కార్లు ఆపుతాడని. ఎదురింటివాళ్లు చాలాకాలం ట్రాఫిక్ పోలీసు ఉద్యోగమనుకున్నారు. నాకు తెలిసి ఆయన వృత్తి గురించి ఎవరైనా చెప్పిన వాటిలో అంత సరైన మాట ఇంకొకటి లేదు.

వాళ్ల నాన్నకి ఏడురోడ్ల జంక్షన్ దగ్గర సైకిల్ షాపు. బావ ఇంజినీరింగ్ విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మొదలైందని రెజ్యూమేలో ఉంటుంది గానీ, నిజానికి ఆ షాపులో మొదలైంది. సైకిల్ తలకిందులు చేసి, చక్రం తిప్పి, రిమ్ముకి తగిలీ తగలకుండా సుద్దముక్క పట్టుకోవాలి. ఎక్కడ తెల్ల గీత పడితే అక్కడ బెండు. గీత పడిన వైపు స్పోకు అర తిప్పు వదులు చేసి, దాని ఎదుటి వైపుది అర తిప్పు బిగించాలి. ఒక్కసారే గట్టిగా బిగిస్తే ఈ బెండు పోయి ఇంకో చోట తేలుతుంది. "మా నాన్న నాకు నేర్పింది ఆ అర తిప్పేరా" అనేవాడు.

నేను ఆయన పనిని మొదటిసారి కాలికింద అనుభవించింది 2006లో. విజయనగరం నుంచి వచ్చిన నాకు మంచు అంటే కేలండర్లో బొమ్మ. మొదటి మంచు పడిన రాత్రి బావ నన్ను మూసేసిన ఒక షాపింగ్ సెంటర్ ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లాడు. ముప్పై మైళ్ల వేగంలో వెళ్తూ బ్రేకు గట్టిగా తొక్కమన్నాడు. తొక్కాను. పెడల్ కాలికింద గటగటా కొట్టుకుంది, ఏదో విరిగిపోయినట్టు చప్పుడు. భయపడి కాలు తీసేశాను. కారు మంచు మీద తన మానాన తను పోయింది.

"ఎందుకు తీశావు? అది దాని పని చేసుకుంటోంది. చక్రం బిగుసుకుపోయి జారకుండా సెకనుకి ఎన్నోసార్లు పట్టి వదులుతోంది. నువ్వు కాలు తియ్యకు, కొట్టుకోనీ."

పదకొండుసార్లు తొక్కించాడు. ప్రతి చలికాలం ఊరినుంచి కొత్తగా వచ్చిన పిల్లల్ని ఇద్దరు ముగ్గురిని ఆ లాట్‌కే తీసుకెళ్లేవాడు. మన సంఘం రికార్డుల్లో ఆయన ఏ కమిటీలోనూ లేడు.

గుడి పార్కింగ్‌లో ఆయన్ని చూసి పక్కకి తప్పుకునేవాళ్లు కూడా ఉండేవారు. బాగున్నారా అనడానికి బదులు "బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారు?" అనేవాడు మరి. ఆ ద్రవం గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. నీరు 3.7 శాతం చేరాక 140 దగ్గర మరిగినా ప్రమాణం ఏమీ అనదు. ఘాట్ రోడ్డులో దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కితే వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ నేలకి ఆనిపోతుంది, కారు ఆగదు. ఇదంతా ఆయన ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ ఒక్క ముక్కలో చెప్పేవాడు: "ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినట్టండీ. పైకి బాగానే కనిపిస్తుంది." అరకు నుంచి తిరిగొస్తూ అనంతగిరి ఘాట్‌లో అద్దెకారు డ్రైవర్‌తో "బాబూ, గేర్లో దిగు, బ్రేకు మీద దిగకు" అని మూడుసార్లు చెప్పి అతని చేత మొహం చిట్లింపించుకోవడం నేను కళ్లారా చూశాను. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు. ఇది స్కూల్లో అందరం చదివిందే. బావ మాత్రం పక్కసీట్లో కూర్చుని ఆ లెక్క వేసుకుంటూనే ఉండేవాడు, అందుకే ఆయనతో ప్రయాణం కొంచెం కష్టం.

ఆయన ఉద్యోగంలో ముఖ్యమైన భాగం చెడు ఊహించడం. ఏ భాగం ఎలా పాడైపోవచ్చు, పాడైతే ఏమవుతుంది అని పెద్ద పట్టిక రాస్తారు. ఒక్కో లోపానికి మూడు అంకెలు. దెబ్బ ఎంత తీవ్రం, ఎంత తరచుగా రావచ్చు, ముందే పట్టుకోగలమా లేదా. ఒక్కోదానికి ఒకటి నుంచి పది. మూడూ గుణించి, పెద్ద సంఖ్య వచ్చినదాన్ని ముందు చూస్తారు. ఈ గుణకారం మీద బావకి చాలా కోపం. "తీవ్రత 10, అరుదు కాబట్టి 1, పట్టుకోగలం కాబట్టి 2, మొత్తం 20. ఇంకోటి 5, 4, 3, మొత్తం 60. ఇప్పుడు మనిషి చచ్చిపోయేది కిందికి పోయింది, కీచుమనే చప్పుడు పైకొచ్చింది. ఇదెక్కడి లెక్క?" 2019లో ఆ పద్ధతినే మార్చారు. గుణకారం తీసేసి, తీవ్రతకి ముందు చోటిచ్చారు. ఆ రోజు ఆయన మా ఇంటికి పూతరేకులు పట్టుకొచ్చాడు. మాకెవరికీ ఎందుకో అర్థం కాలేదు.

భక్తి సంగతి. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆయన ఇలవేల్పు. ఆదివారం ఆదిత్యహృదయం, రోజూ పొద్దున్నే అర్ఘ్యం. మిషిగన్‌లో జనవరి పొద్దు ఎనిమిదికి గానీ పొడవదు, పొడిచినా మబ్బులు దాటి కనపడేది ఏ వారానికోసారి. చలికాలం పరీక్షలకి ఉత్తరాన అప్పర్ పెనిన్సులాకి వెళ్లేవారు, మంచు గడ్డల మీద బ్రేకులు చూడటానికి. అక్కడ కూడా ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని బయట నిలబడేవాడట. దోసిట్లో పోసుకున్న నీళ్లు కిందపడేలోపు చేతి తొడుగు అంచున గడ్డకట్టేవని నవ్వుతూ చెప్పాడు.

ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబర్లో ఒకసారి అరసవల్లిలో పొద్దుటి కిరణాలు గాలిగోపురం, అనివెట్టి మండపం దాటి లోపలికొచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. ఉత్తరానికి పోతూ సూర్యుడు ఏ దారిన పోతాడో, దక్షిణానికి తిరిగొస్తూ అదే దారిన వస్తాడు కాబట్టి ఏడాదికి రెండుసార్లు. అది మహిమా, లెక్కా అని ఒకసారి కాస్త వెటకారంగానే అడిగాను. "ఆ లెక్క తేలడానికి గుడి కట్టినాయన ఎన్ని పొద్దులు అక్కడ నిలబడి చూసుంటాడో ఆలోచించావేటి?" అన్నాడు. ఆయన స్వయంగా చూద్దామని రెండుసార్లు అక్టోబర్లో వెళ్లాడు. రెండుసార్లూ మబ్బు.

మా ఊరి సిరిమానోత్సవానికి కూడా ఒకసారి తీసుకెళ్లాను. దసరా తర్వాత మంగళవారం, విజయనగరం కోట ముందు ఇసకేస్తే రాలని జనం. అంత పొడవు చింతమాను చివర పూజారిగారు కూర్చుని ఆకాశంలో వస్తుంటే, అందరూ పైకి చూసి పైడితల్లమ్మకి దండం పెడుతున్నారు. బావ కూడా పెట్టాడు. పెట్టి, వంగి, బండి ఇరుసు చూశాడు. "ఇది బిగించినోడికి కూడా ఓ దండం పెట్టాల్రా" అన్నాడు. దైవభక్తి ఒక గదిలో, వృత్తి ఒక గదిలో పెట్టి తాళం వేసే మన నివాళులు ఈ మనిషిని ఎక్కడ పెడతాయి?

ఇక కుటుంబం. ఇక్కడ అందంగా రాసి ఊరుకోవడం నా వల్ల కాదు. "పనికి అంకితమయ్యారు" అనే మాటని మనం పొగడ్తగా వాడేస్తాం. అంకితమైనవాడి ఇంట్లో దానికి ఎవరో ఒకరు లెక్క కడుతూనే ఉంటారు. 2009లో ఏప్రిల్ చివర క్రైస్లర్, జూన్ ఒకటిన జీఎం, ఈ రెండు కార్ల కంపెనీలూ దివాలా పిటిషన్లు వేశాక విడిభాగాల కంపెనీలు వరసగా జనాన్ని తీసేశాయి. బావ పనిచేసే చోటా తీసేశారు. ఏడు నెలలు ఖాళీ. అప్ప అప్పుడు లైబ్రరీలో చేరింది, ఇల్లు ఆవిడ జీతం మీద నడిచింది. శ్రీకాకుళానికి నెలనెలా డబ్బు ఆగలేదు, ఉద్యోగం పోయిందని అత్తగారికి తెలియనూ లేదు. ఈ నివాళిలో సగం నిజానికి అప్పకి చెందాలి.

2020 జనవరిలో బావ వాళ్లమ్మగారిని చూడటానికి వెళ్లాల్సింది. టికెట్ కూడా తీశాడు. చలికాలం పరీక్షల్లో ఏదో తేలలేదని ఏప్రిల్‌కి మార్చుకున్నాడు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మే నెలలో ఆవిడ పోయింది, కరోనాతో కాదు, మామూలుగా, నిద్రలో. నాగావళి ఒడ్డున పెదనాన్న కొడుకు నిప్పు పెడుతుంటే ఇక్కడ రాత్రి పూట బావ వంటగదిలో ఫోన్‌కి తెల్ల పంచెతో ఎదురుగా నిలబడ్డాడు. సిగ్నల్ సరిగ్గా లేదు. బొమ్మ ఆగిపోయినప్పుడల్లా ఆయన కూడా కదలకుండా ఉండిపోయాడు.

చాలా రోజుల తర్వాత, కారులో, నాతో అన్నాడు. "తీవ్రత పది. అవకాశం ఒకటి అని వేసుకున్నానురా. ఇప్పుడేం కాదులే అని. నేనే గుణించాను."

నేనేమీ అనలేదు. ఏమంటాం?

ఆ తర్వాత ఆయన మారిపోయాడని రాస్తే బాగుంటుంది గానీ, అంతగా మారలేదు. చలికాలం పరీక్షలకి వెళ్లడం మానలేదు. ఫోన్ మాత్రం ఎప్పుడు చేసినా మొదటి రింగుకే ఎత్తేవాడు.

రథసప్తమికి మాత్రం ఎలాగైనా ఇంటికి చేరేవాడు. చిక్కుడుకాయల రథం ఆయన చెయ్యాల్సిందే. మన ఇళ్లల్లో నాలుగు కాయలకి చీపురుపుల్లలు గుచ్చి రథం అనేస్తాం. బావ రథానికి చక్రాలు తిరగాలి. ఫ్రీజర్ కాయలు కరిగాక మెత్తబడి పుల్లని పట్టవని, ఇండియన్ స్టోర్లో ముందురోజే పచ్చికాయలు ఏరి తెచ్చేవాడు. చక్రాలకి కేరట్ ముక్కలు, అన్నీ ఒకే మందం. కిటికీ పక్కన బల్లమీద ముగ్గేసి దాన్ని అటూ ఇటూ దొర్లించి చూసేవాడు. సూర్యుడి రథానికి ఒకటే చక్రం కదా అని ఎవరో పెద్దాయన అంటే, "ఒంటి చక్రం ఆయన నడపగలడండీ, నా వల్ల కాదు" అన్నాడు. ఒక ఏడాది మా అబ్బాయి, అప్పటికి ఆరేళ్లు, దీనికి బ్రేకేదీ అని అడిగాడు. బావ పగలబడి నవ్వాడు. "ఆయన ఆగితే మన గతేటి నాయనా!"

పోయినేడాది సంక్రాంతికి ముందు, గుండెపోటుతో, ఇంట్లోనే పోయాడు. ఏడాదిపాటు ఆ ఇంట్లో పండగ లేదు. ఈ జనవరిలో సంవత్సరీకం అయింది. రథసప్తమి రోజు పొద్దున్నే మా మేనకోడలు ఫోన్ చేసింది. పాయసం అయిపోయింది, రథం మాత్రం నిలబడట్లేదు, కేరట్ చక్రం తిరుగుతుంటే ఊడి పడిపోతోంది.

"మావయ్యా, ఇరుసు పుల్ల ఎంత పొడుగుండాలి? చక్రం బయటికి ఎంత వదిలేవాడు నాన్న?"

పద్దెనిమిదేళ్లు ఆ బల్ల పక్కన కూర్చుని పాయసం తిన్నాను. ఎంత వదిలేవాడో నేను చూడలేదు.