అడగకుండా ఎత్తుకెళ్లి ధర కడతారట!

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వెళ్తే వేలం చూడొచ్చు. బోటు జెట్టీకి చేరుతుంది, వంజరాలు గంపల్లో కిందికి దిగుతాయి, పాట మొదలవుతుంది. ధర గిట్టకపోతే బోటు యజమాని తల అడ్డంగా ఊపుతాడు. సరుకు కదలదు. ఎవరో ఒకాయన వచ్చి, యజమానిని పలకరించకుండానే గంప నెత్తికెత్తుకుని, 'కిలోకు పది రూపాయల లెక్కన ఫలానా సంఘంలో కట్టేశాను, వెళ్లి తెచ్చుకో' అన్నాడనుకోండి. ఆ సంఘంలో ఈ యజమాని ఎప్పుడూ చేరలేదు. ఆ పది రూపాయలకు ఎప్పుడూ ఒప్పుకోలేదు. హార్బర్‌లో ఆ మాట అన్నవాడు ఇంటికి ఎలా చేరతాడో విశాఖవాసులకు మేం చెప్పక్కర్లేదు. సంగీత వ్యాపారంలో మాత్రం ఇదే పనికి పాతికేళ్లుగా 'లైసెన్స్' అని పేరు. చేపకు పాట ఉంది. పాటకు మాత్రం పాట లేదు.

అడగలేదు గానీ డబ్బు కట్టాం. ఈ ఒక్క ముక్క ఎంత దూరం పాకుతోందో చూస్తే భయమేస్తోంది. కేంద్ర పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం వేసిన కమిటీ 2025 డిసెంబరులో ఒక పత్రం బయటపెట్టింది. కృత్రిమ మేధ కంపెనీలు తమ యంత్రాలకు శిక్షణ ఇవ్వడానికి చట్టబద్ధంగా అందుకున్న పాటలు, పుస్తకాలు, వార్తలు ఏవైనా వాడుకోవచ్చట. సొంతదారు వద్దనడానికి వీల్లేదట. ప్రభుత్వం నియమించిన కమిటీ రేటు కడుతుంది, ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది. ఇది కొత్త ఆలోచన అని ఢిల్లీలో కొందరు సంబరపడుతున్నారు. కొత్తేమీ కాదు. చవకగా పాటలు అమ్మిన ఒక రష్యన్ వెబ్‌సైట్ ఈ దారి ఎప్పుడో తొక్కింది.

ద్వారకానగర్ నెట్ సెంటర్లలో గంటకు ఇంతని కట్టి కూర్చున్న తరంలో కొందరికైనా ఆల్‌ఆఫ్‌ఎంపీ3 అనే ఆ వెబ్‌సైట్ పేరు గుర్తుండాలి. అది పాటను ఉల్లిపాయల్లా తూకం వేసి అమ్మింది. మెగాబైటుకు రెండు మూడు సెంట్లు. ఆపిల్ వారి పాటల దుకాణం ఐట్యూన్స్‌లో ఒక్క పాట 99 సెంట్లు పలుకుతున్న రోజుల్లో ఇక్కడ ఆల్బమ్ మొత్తం రెండు మూడు డాలర్లకు వచ్చేసేది. ఏ ఫార్మాట్ కావాలంటే అది, ఏ నాణ్యత కావాలంటే అది, తాళం వేయని ఫైలు. నిజం చెప్పాలంటే అంత మంచి దుకాణం అప్పుడు ప్రపంచంలో ఇంకోటి లేదు. పెద్ద కంపెనీలకు ఆ తెలివి లేకపోయింది, అది వాళ్ల ఖర్మ.

మరి దానికి అనుమతి ఎవరిచ్చారు? హక్కుదారుల తరఫున రాయల్టీ వసూలు చేసే రోమ్స్ అనే సంఘం. అప్పటి రష్యా చట్టంలో ఒక సందు ఉంది. ఇలాంటి సంఘం తనలో చేరని హక్కుదారుల తరఫున కూడా లైసెన్సులు ఇవ్వొచ్చు. మా రాబడిలో 15 శాతం రోమ్స్‌కు కడుతున్నాం, మేం చట్టబద్ధం అన్నది వెబ్‌సైట్. రోమ్స్ ఎవరో మాకు తెలియదు, మేం ఎవరికీ అధికారం ఇవ్వలేదు అన్నాయి రికార్డు కంపెనీలు. 2005లో మాస్కో ప్రాసిక్యూటర్లు కేసు పెట్టడం కుదరదన్నారు. 2006లో వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపులు ఆపేశాయి. అదే ఏడాది నవంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిక కోసం అమెరికాతో కుదుర్చుకున్న ఒప్పందంలో రష్యా ఈ వెబ్‌సైట్ సంగతి చూస్తానని మాట ఇవ్వాల్సి వచ్చింది. డిసెంబరులో రికార్డు కంపెనీలు న్యూయార్క్‌లో దావా వేశాయి. 1.1 కోట్ల పాటలు, పాటకు లక్షన్నర డాలర్లు, వెరసి 1.65 లక్షల కోట్ల డాలర్లు. ఆ ఏడాది భారతదేశం మొత్తం కష్టపడి సంపాదించినదానికన్నా ఎక్కువ! అడగకుండా తీసుకున్నవాళ్లు ఒక వైపు, అడగడానికి హద్దే లేనివాళ్లు ఇంకో వైపు.

2007 జులైలో దుకాణం మూతపడింది. వెంటనే అదే సంస్థ వేరే బోర్డు కట్టి అదే సరుకు అమ్మింది. ఆగస్టులో సంస్థ మాజీ అధిపతిని మాస్కో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. నేరం రుజువు చేయడానికి ప్రాసిక్యూషన్ తెచ్చిన ఆధారాలు చాలలేదంది. 2008 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పౌర స్మృతితో రష్యా ఆ సందును చాలావరకు పూడ్చుకుంది. దుకాణం పోయింది గానీ, దాని వాదన చావలేదు.

అదే వాదన మన దేశానికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చింది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణల్లో 31డి అనే సెక్షన్ చేర్చారు. ప్రసార సంస్థ ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ అడ్వాన్సుగా కట్టేస్తే చాలు, సొంతదారు ఒప్పుకోకపోయినా పాట వేసుకోవచ్చు. దీని ఉద్దేశం రేడియో, టీవీ. ఎఫ్‌ఎం స్టేషన్ ప్రతి పాటకూ ప్రతి కంపెనీ గుమ్మం ఎక్కలేదు కదా అని. సరే, అంతవరకు అర్థముంది. కానీ టెలికాం దిగ్గజం ఎయిర్‌టెల్‌కు చెందిన వింక్ మ్యూజిక్, పాటల హక్కులున్న టిప్స్ కంపెనీతో రేటు బేరం తెగకపోయేసరికి, మేమూ ప్రసార సంస్థలమే అంటూ ఈ సెక్షన్ కింద తలదాచుకుంది. యాప్‌లో పాట వినడమే కాదు, దింపుకోవడం, కొనుక్కోవడం కూడా ఉన్నాయి. పాటను ఫోన్‌లోకి దింపి ఇచ్చేయడం ప్రసారం ఎలా అవుతుంది? అది అమ్మకం, లేదంటే అద్దె. బొంబాయి హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఈ మాటే చెప్పింది. 31డి రేడియో, టీవీలకే, ఇంటర్నెట్‌కు వర్తించదంది. 2022 అక్టోబరులో డివిజన్ బెంచి దాన్నే ఖాయం చేసింది. వింక్ 2024లో మూతపడింది, అది వేరే కథ.

అక్కడితో కథ ముగియాలి. ముగియలేదు. ఇంటర్నెట్ కూడా 31డి కిందికే వస్తుందని 2016లోనే కేంద్ర ప్రభుత్వ విభాగం ఒక మెమో ఇచ్చేసి ఉంది. ఆ మెమోకు చట్టబలం లేదని హైకోర్టు పక్కన పెట్టింది. చట్టంలో లేకపోతే చట్టాన్నే మార్చేద్దాం అనుకున్నారేమో! 2021 జులైలో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 161వ నివేదికలో 31డిని సవరించి ఇంటర్నెట్, డిజిటల్ సంస్థలను చేర్చమని సిఫార్సు చేసింది. ఆ సంఘానికి అప్పట్లో అధ్యక్షుడు మన రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లిన వి.విజయసాయిరెడ్డి. కోర్టు కాదన్నదాన్ని సిఫార్సుగా, సిఫార్సు తర్వాత కమిటీ పత్రంగా, పత్రం తర్వాత బిల్లుగా మారుస్తూ పోతే చివరికి ఆ గంప ఎవరి నెత్తిన ఉంటుంది?

పాటలు చవకగా దొరక్కపోతే జనం పైరసీకే పోతారు, అందుకే అనుమతి లేకుండా తేలిగ్గా లైసెన్స్ ఇవ్వాలి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. కానీ చవక వేరు, అడగకపోవడం వేరు. అడిగి తెచ్చుకున్న పాట కూడా ఇవాళ చవకగానే దొరుకుతోంది, ప్రకటనలు భరించగలిగితే ఉచితంగానే. యాప్‌లూ కంపెనీలూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకునే ఆ ధరకు వచ్చాయి. బేరం తెగలేదంటే సరుకు రాదు. కూరగాయల బజారులో రోజూ జరిగేదే ఇది. బేరం తెగలేదని వంకాయలు ఎత్తుకుపోయి డబ్బులు రైతుబజారు ఆఫీసులో కట్టొచ్చామంటే ఎవరూ మెచ్చుకోరు.

రికార్డు కంపెనీలను నెత్తిన పెట్టుకోవాలని మేం అనడం లేదు. 2012 వరకు ఈ కంపెనీలూ నిర్మాతలూ కలిసి చేసిందేమిటి? పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి ఒక్కసారి చేతిలో ఇంత పెట్టి, జీవితకాలం హక్కులు రాయించుకోవడమే కదా. ఆ పాట ఎన్ని రింగ్‌టోన్లయినా, ఎన్ని కోట్లమంది విన్నా కవికి పైసా రాలేదు. రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉండాలని, దాన్ని వాళ్లు వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదని చట్టం చెప్పాల్సి వచ్చింది. వాళ్లూ ఒకప్పుడు అడగకుండా తీసుకున్నవాళ్లే, కాకపోతే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అలాంటివాళ్లు ఇవాళ హక్కుల గురించి గొంతు చించుకుంటుంటే నవ్వొస్తుంది. అయినా వాళ్ల పాత పాపం వేరొకరి కొత్త పాపానికి లైసెన్స్ కాదు.

ఇంకా చేదైన సంగతి చెబుతాం. 'ఐదు వేల తెలుగు పాటలు, పెన్‌డ్రైవ్‌తో సహా, లైఫ్‌టైమ్' అంటూ వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు చూడని పాఠకుడు ఉండడు. జగదాంబ దగ్గరో, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో, గాజువాకలోనో ఏ సెల్ షాపు కుర్రాడైనా అలా పాటలు ఎక్కించి అమ్మితే అది కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. పోలీసులు నేరుగా కేసు పెట్టొచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 నవంబరులో సినిమాల పైరసీ వెబ్‌సైట్ ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు నిందితుణ్ని అరెస్టు చేసినప్పుడు ఎంత హడావుడి జరిగిందో, మన నగరం పేరు అందులో ఎలా నలిగిందో తెలిసిందే. ఆ కేసు కోర్టులో తేలాలి, దాని జోలికి మేం పోం. కానీ లెక్క చూడండి. కుర్రాడు అడగకుండా తీసుకుంటే నాన్‌బెయిలబుల్. కోట్ల పెట్టుబడి ఉన్న కంపెనీ అడగకుండా తీసుకుంటే 'చట్టానికి వ్యాఖ్యానం'. విదేశీ యంత్రాల కంపెనీ అడగకుండా తీసుకుంటే 'జాతీయ విధానం'. చేసిన పని ఒకటే. చొక్కా మారితే సెక్షన్ మారిపోతోంది.

కుర్రాడు చేసేది ఒప్పని మేం అనడం లేదు. అది తప్పే. కొనేవాళ్లదీ తప్పే, ఆటోలో ఆ పాటలు పెట్టుకుని తిరిగేవాళ్లలో మన పాఠకులూ ఉన్నారు. కానీ అతను కనీసం 'మాకు లైసెన్స్ ఉంది సార్' అని బుకాయించడు.

పెద్ద కంపెనీలకు లాయర్లున్నారు, వాళ్లు బొంబాయి దాకా వెళ్లి కొట్లాడుకుంటారు. మా బెంగ వాళ్ల గురించి కాదు. ఈ ఉత్తరాంధ్ర నేల పాటలు పండే నేల. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేస్తూ జనం నోట పాటలు పెట్టిన వంగపండు ప్రసాదరావు నడిచిన ఊరు ఇది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల జానపదాలు ఇవాళ సినిమాల్లోకి, యూట్యూబ్‌లోకి వెళ్లి ఊరూరా మోగుతున్నాయి. పొలం గట్టు మీద పాడిన మనిషి పేరు ఆ వసూళ్ల సంస్థ పుస్తకంలో ఏ పేజీలో ఉంటుంది? ఎవరు వెతికి, ఏ బ్యాంకు ఖాతాలో వేస్తారు? రోమ్స్‌కు కట్టామన్న 15 శాతంలో తమకేమీ ముట్టలేదని ప్రపంచంలోకెల్లా పెద్ద రికార్డు కంపెనీలే అన్నాయి. ఇక పలాస అవతలి పాటగాడికి ఎవరు మనియార్డర్ పంపుతారు? అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం 'ఇవ్వను' అనే మాట. ఆ మాటనే చట్టంతో లాగేసుకుంటే, తర్వాత ఎంత రేటు కట్టినా అది బేరం కాదు, ముష్టి.

రేపు ఇది పాట దగ్గర ఆగుతుందన్న నమ్మకం మాకు లేదు. మొదట రేడియో అన్నారు. తర్వాత యాప్ అన్నారు. ఇప్పుడు యంత్రం అంటున్నారు. ప్రతిసారీ ఒకటే మాట: అడగడం కుదరదు, చాలామంది ఉన్నారు, డబ్బు కట్టేస్తాం. హక్కుదారులు చాలామంది ఉన్నారన్నదే వాళ్లను అడగకపోవడానికి కారణమైతే, బడుగు జీవికి ఏ హక్కూ మిగలదు, ఎందుకంటే బడుగులెప్పుడూ చాలామందే. ఇలా రాస్తున్న మా పత్రికల రాతలు కూడా ఆ గంపలోనే ఉన్నాయి కాబట్టి మాకూ స్వార్థం ఉందని ఎవరైనా అంటే, ఉంది, దాచుకోం.

31డిని ఇంటర్నెట్‌కు లాగే సిఫార్సును చెత్తబుట్టలో వేయాలి. కమిటీ పత్రంలో సొంతదారు కాదనే హక్కును తిరిగి చేర్చాలి. మన ఎంపీలకు ఇందులో ఓట్లు కనబడకపోవచ్చు. స్టీల్‌ప్లాంట్ మీద, రైల్వే జోన్ మీద కనీసం గొంతు సవరించుకున్నారు, దీని మీద అదీ లేదు. ఆ పత్రం ఒక్కసారైనా తెరిచి చదివారా? చదవలేదనే మా అనుమానం. ఇక ఆ పత్రం రాసిన పెద్దలకు మా ఆహ్వానం: ఒక తెల్లవారుజామున మా హార్బర్‌కు దయచేయండి. జెట్టీ మీద వరసగా గంపలుంటాయి. ఎవరినీ అడగకుండా ఒక్కటి ఎత్తి చూడండి.