రాజీనామా చేయాల్సింది గోల్‌పోస్టే

మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఐస్ హాకీ జట్టు 2021 నుంచి 2025 దాకా ఐదేళ్లు వరసగా జాతీయ టోర్నమెంటుకు వెళ్లింది. అందులో రెండుసార్లు చివరి నాలుగు జట్లలో నిలిచింది. ఒకసారి ఫైనల్ కూడా ఆడింది. ఇంత ఘోరం కళ్లెదుటే జరుగుతుంటే బాధ్యులు ఏం చేస్తున్నారని అభిమానులు నిలదీస్తున్నారు. వాళ్ల ఆవేదనలో న్యాయం ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికా కాలేజీ హాకీ పై తరగతిలో, అంటే డివిజన్ 1లో, మగవాళ్ల జట్లు 60కి పైగా ఉన్నాయి. సీజనంతా ఆడాక వాటిలో 16 జట్లకే టోర్నమెంటులో చోటు. అక్కడ ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, వరసగా నాలుగు గెలిస్తే కప్పు. గోఫర్స్ అని పిలుచుకునే మిన్నెసోటా జట్టు ఆ కప్పు ఐదుసార్లు గెలిచింది: 1974, 1976, 1979, 2002, 2003. మొదటి మూడూ గెలిపించిన కోచ్ హెర్బ్ బ్రూక్స్, 1980 ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్లతో సోవియట్ యూనియన్‌నే ఓడించాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాళ్లకు ఫైనల్లో ఓడటం ఒక విజయమని చెబితే ఊరుకుంటారా?

అసలు ‘పోటీలో ఉండటం’ అంటే ఏమిటన్న దగ్గరే అభిమానులు రెండు వర్గాలయ్యారు. ఏటా టోర్నమెంటుకు వెళ్తున్నాం కదా, ఇంకేం కావాలంటుంది మొదటి వర్గం. వీళ్లను ఎవరూ పట్టించుకోరు. రెండో వర్గానిది గట్టి సిద్ధాంతం. కప్పు గెలిచిన జట్టు పోటీలో ఉన్నట్టు, గెలవని జట్టు లేనట్టు. ఈ లెక్కన ఏటా దేశం మొత్తమ్మీద ఒక్క జట్టే పోటీలో ఉంటుంది. మరి అది ఎవరితో పోటీ పడిందని అడగబోయారు సుమా, మిమ్మల్ని డులూత్ అభిమాని అనేస్తారు.

గోఫర్స్ సొంతూరు మిన్నియాపాలిస్‌లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. డులూత్ అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఇంకో క్యాంపస్, ఉత్తరాన రెండున్నర గంటల ప్రయాణం. ఆ రాష్ట్రంలో డివిజన్ 1 జట్లు ఆరున్నాయి, మిగతా ఐదూ గోఫర్స్‌ను ఓడించడమే జీవితాశయంగా బతుకుతుంటాయి. డులూత్ అంతటితో ఆగకుండా 2011, 2018, 2019లో జాతీయ కప్పులు కూడా ఎత్తుకుపోయింది. పెద్దకొడుకు ఆస్తి లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే చిన్నవాడు మేడ మీద మేడ కట్టాడన్నమాట.

ఇక ర్యాంకింగుల సంగతి. 2025 టోర్నమెంటు దాకా జట్లను ఎంపిక చేయడానికి ‘పెయిర్‌వైజ్’ అనే పద్ధతి వాడారు. దానికి గుండెకాయ ఆర్‌పీఐ అనే ఒక లెక్క. అందులో జట్టు సొంత ఫలితాల వాటా 25 శాతం. ప్రత్యర్థుల ఫలితాలకు 21 శాతం. ఆ ప్రత్యర్థులతో ఆడిన ప్రత్యర్థుల ఫలితాలకు 54 శాతం. మనవైపు పెళ్లి సంబంధాలు చూసే పద్ధతి కూడా ఇదే. అబ్బాయి ఏం చేస్తున్నాడన్నది పావు వంతు, మిగతాదంతా వాళ్ల మేనమామ ఎవరు, ఆ మేనమామ వియ్యాలవారు ఎలాంటివాళ్లు అన్నదే. అందుకే ఫిబ్రవరి చలిలో గోఫర్స్ అభిమాని అర్ధరాత్రి దాటేదాకా మేలుకుని, ఎక్కడో అలాస్కాలో జరుగుతున్న మ్యాచ్ స్కోరు చూస్తుంటాడు. అక్కడ ఆడుతున్న రెండు జట్లతోనూ అతనికి సంబంధం లేదు. వియ్యాలవారి తరఫువాళ్లు, అంతే. 2025-26 నుంచి దీని స్థానంలో ఎన్‌పీఐ అని కొత్త లెక్క తెచ్చారు. పాతది అన్యాయమని ఇన్నేళ్లు గొంతు చించుకున్నవాళ్లే పాతదే నయమనే రోజు ఎంతో దూరంలో లేదు.

ఈ గొడవలన్నీ చిల్లర గొడవలు. అసలు గొడవ ఓటమిది. ఓటమికి కారణం ఉండి తీరాలన్నది అభిమాని ప్రాథమిక హక్కు, దాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. కాకపోతే కొన్ని తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ హక్కు కొంచెం ఇబ్బందిలో పడుతోంది.

1989. ఫైనల్ సొంతగడ్డ సెయింట్ పాల్‌లో, హార్వర్డ్‌తో. స్కోరు 3-3, ఓవర్‌టైమ్. ముందు గోల్ కొట్టినవాడిదే కప్పు. గోఫర్స్ ఆటగాడు కొట్టిన పక్, అంటే ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల, గోల్‌కు కాపలా కాసే గోలీని దాటేసింది. దాటేసి టంగుమని గోల్‌పోస్టుకు తగిలి బయటికొచ్చింది. ఆ తర్వాత హార్వర్డ్ గోల్ కొట్టింది. ఆ ఇనప పైపు మందం రెండున్నర అంగుళాల కంటే కాస్త తక్కువే. అయినా అది తన పని తాను నిష్ఠగా చేసింది.

2002. మళ్లీ సెయింట్ పాల్, మళ్లీ ఫైనల్, ఈసారి మెయిన్ అనే రాష్ట్రపు విశ్వవిద్యాలయంతో. గోఫర్స్ 2-3తో వెనకబడి ఉన్నారు. ఇలాంటప్పుడు గోలీని బయటికి పిలిచి, అతని బదులు ఇంకో దాడి ఆటగాడిని దింపి, గోల్‌ను ఖాళీగా వదిలేస్తారు. తెగించినవాడికి తెడ్డే లింగం. ఇంకా 53 సెకన్లే ఉండగా స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో మెయిన్ ఆటగాడికి పెనాల్టీ పడి వాళ్లలో ఒకడు తగ్గాడు, గోఫర్స్ గోల్ కొట్టేశారు. ఇరవై మూడేళ్ల తర్వాత కప్పు. ఇది దేనివల్ల అని అడిగితే అక్కడివాళ్లు చెప్పే జవాబు: గుండెధైర్యం, పెంపకం, రాష్ట్ర సంస్కృతి.

2014. సెమీఫైనల్, బద్ధశత్రువు నార్త్ డకోటాతో. 1-1. గోఫర్స్‌లో ఒకడు పెనాల్టీ బాక్సులో కూర్చున్నాడు. ఆట ముగియడానికి 0.6 సెకన్లుండగా ఒక డిఫెన్స్ ఆటగాడు గోల్ కొట్టాడు. ఆ సీజన్‌లో అతనికి అదే మొదటి గోల్. ఇది కూడా సంస్కృతే. రెండు రోజుల తర్వాత ఫైనల్లో యూనియన్ కాలేజీ చేతిలో 7-4తో ఓడారు. యూనియన్‌లో చదివేది రెండు వేల పైచిలుకు మంది. ఆ కాలేజీ మొత్తాన్ని తీసుకొచ్చి గోఫర్స్ స్టేడియంలో కూర్చోబెట్టినా ముప్పావు వంతు కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. ఆ రాత్రికి మాత్రం సంస్కృతి సెలవు పెట్టింది.

2023. టాంపాలో ఫైనల్, క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయంతో. ఎన్నికల్లో జనం ఎటు మొగ్గుతున్నారో చెప్పే సర్వేలకు పేరుపడ్డ సంస్థ అది. గోఫర్స్ 2-0తో ముందున్నారు. తర్వాత 2-1. ఇంకా 2 నిమిషాల 47 సెకన్లుండగా క్విన్నిపియాక్ తమ గోలీని పిలిపించేసుకుని, ఖాళీ గోల్‌తో ఆడి, సమం చేసింది. ఓవర్‌టైమ్ మొదలైన 10 సెకన్లకు కప్పు వాళ్ల చేతిలో ఉంది. విరామంలో బయటికెళ్లినవాళ్లు పాప్‌కార్న్‌తో తిరిగొచ్చేసరికి క్విన్నిపియాక్ కుర్రాళ్లు హెల్మెట్లు గాల్లోకి ఎగరేస్తున్నారు.

గోలీని తీసేసి చివర్లో సమం చేసి ఓవర్‌టైమ్‌లో గెలవడం మనం చేస్తే పెంపకం. అవతలివాడు చేస్తే మన వ్యవస్థ కుళ్లిపోయినట్టు. ఆ 10 సెకన్ల ఆటకు ఏళ్ల తరబడి పోస్ట్‌మార్టమ్ నడుస్తోంది. ఆటగాళ్ల ఎంపిక తప్పంటారు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగు ఎత్తుకుపోయే 18, 19 ఏళ్ల మెరికల్ని మనవాళ్లు తెచ్చుకుంటే, అవతలివాళ్లు 24 ఏళ్ల గడ్డాలవాళ్లను దింపుతున్నారంటారు. ఈ వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. కాలేజీకి ముందు జూనియర్ లీగుల్లో రెండేసి మూడేసి ఏళ్లు ఆడి రావడం ఈ ఆటలో మామూలే, మరి క్విన్నిపియాక్ చేతిలో ఓడిన మర్నాడే గోఫర్స్ కుర్రాడొకడు ఎన్‌హెచ్‌ఎల్‌లోని టొరంటో జట్టుతో ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు. కొందరేమో తప్పంతా స్టేడియానిదేనంటారు. 1993లో కట్టినప్పుడు ఒలింపిక్ కొలతల్లో 100 అడుగుల వెడల్పు పెట్టారు, మామూలు రింకులు 85 అడుగులే. అంత విశాలమైన మంచు మీద ఆడి పిల్లలు మెత్తబడ్డారట.

ఇందరిని దోషులుగా నిలబెట్టారు, ఇన్ని రాజీనామాలు కోరారు, 1989 నాటి ఆ గోల్‌పోస్టు రాజీనామాను మాత్రం ఒక్కరూ కోరలేదు. బాధ్యత తీసుకోవాల్సిన మొదటి ముద్దాయి అదే కదా! దాని మీద విచారణ లేదు, సంజాయిషీ నోటీసు లేదు. పదవిలో ఉన్నవాడెవడైనా సిగ్గుపడాల్సినంత నిలకడగా అది ఉన్నచోటే ఉండిపోయింది.

అభిమానుల నిష్ఠను దగ్గర్నుంచి చూడాలంటే గోఫర్స్ ఆడే మారియూచి స్టేడియానికి వెళ్లాలి. మొన్నొక శుక్రవారం రాత్రి మా ముందు వరసలో డెబ్బై దాటిన పెద్దాయన, మెరూన్ రంగు జెర్సీ, మోచేతుల దగ్గర నూలు పోగులు లేచిపోయి ఉన్నాయి. గోఫర్స్‌కు పవర్‌ప్లే వచ్చింది, అంటే పెనాల్టీ పడి అవతలి జట్టులో రెండు నిమిషాలు ఒకడు తగ్గాడు. మొదటి సెకనులోనే పెద్దాయన “షూట్!” అని అరిచాడు. పక్ అప్పటికి ఇంకా సొంత గోలీ కర్ర దగ్గరే ఉంది. అయినా అరిచాడు, రెండు నిమిషాలూ అరుస్తూనే ఉన్నాడు. నా పక్కన గుంటూరు నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాడు, స్టూడెంట్ టికెట్ మీద మొదటిసారి వచ్చాడు. మూడో పీరియడ్, స్కోరు 4-1.

“అన్నా, వీళ్లే కదా గెలుస్తోంది, ఈయనకెందుకంత టెన్షన్?” అన్నాడు నా చెవిలో.

పెద్దాయనకు భాష అర్థం కాకపోయినా భావం అందినట్టుంది. వెనక్కి తిరిగి గోఫర్స్ గోలీ వైపు వేలు చూపించి, రీబౌండ్లు, అంటే గోలీకి తగిలి వెనక్కొచ్చే పక్‌లు, చూడమన్నాడు. ఇప్పుడు ఎలా వదిలేస్తున్నాడో చూడు, మార్చిలో టోర్నమెంటు మొదలయ్యాక కొంప ముంచేవి ఇవేనన్నాడు. అది నవంబరు నెల. కుర్రాడు తలూపాడు. మ్యాచ్ ముగిసి కోట్లు వేసుకుంటుంటే వాడే నాతో, “ఏమైనా అన్నా, ఆ రెండో లైన్ డిఫెన్స్ అసలు కాలు కదపట్లేదు” అన్నాడు. చూస్తుండగానే వాడు మిన్నెసోటావాడైపోయాడు. వీసా స్టాంపింగుకే ఇంతకంటే ఎక్కువ టైమ్ పట్టింది వాడికి.

2013లో గోఫర్స్ పాత లీగు వదిలి బిగ్ టెన్ అనే కొత్త లీగులో చేరడం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అభిమానులు ఇక్కడ మాత్రం నిజంగానే నష్టపోయారు. పాత లీగులో నార్త్ డకోటా, డులూత్, సెయింట్ క్లౌడ్ ఏటా ఇంటికొచ్చి మరీ తిట్లు తినేవి. కొత్త లీగు టీవీ డబ్బుల లెక్కలో పుట్టింది. తిట్టడానికి మిగిలిన జట్లు దూరాభారం, ఓహియోవాణ్ని తిడితే మజా ఏముంటుంది? కుర్చీలు ఖాళీ అవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

చివరికి మిగిలేది లోకల్, నాన్‌లోకల్ గొడవ. స్టేడియానికి పేరిచ్చిన జాన్ మారియూచి ఎప్పుడో యాభైల్లో, అరవైల్లో గోఫర్స్ కోచ్‌గా ఉంటూ, కెనడా కుర్రాళ్లతో జట్లు నింపేయడం మీద పోరాడి, మన ఊరి పిల్లలకే చోటివ్వాలన్నాడు. ఆ మాట మంత్రమైపోయింది. తొంభైల్లో జట్టంతా మిన్నెసోటావాళ్లే. అయితే 2002లో ఆ ఓవర్‌టైమ్ గోల్ కొట్టిన గ్రాంట్ పొటుల్నీది నార్త్ డకోటా, అదీ గ్రాండ్ ఫోర్క్స్, శత్రువు రాజధాని. ఆ జట్టులో బయటి రాష్ట్రంవాడు అతనొక్కడే. మరుసటి ఏడు సెమీఫైనల్లో ఓవర్‌టైమ్ గోల్ కొట్టి, ఫైనల్లో జట్టును ముందుకు నడిపించిన థామస్ వానెక్ ఆస్ట్రియావాడు. రెండు కప్పులూ నాన్‌లోకల్ చేతుల మీదుగానే వచ్చాయి. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు, సభామర్యాద కోసం ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు 2025 ఆగస్టు నుంచి కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో ఆడిన కుర్రాళ్లకు కూడా అమెరికా కాలేజీ హాకీలో ఆడే అర్హత వచ్చింది. తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వాళ్లను తీసుకుంటే సంప్రదాయాన్ని అమ్మేశారంటారు, తీసుకోకపోతే పోటీలో వెనకబడ్డారంటారు, రెండు తిట్లూ ఒకే నోట, ఒకే వాక్యంలో వినబడే ఏర్పాట్లు ఇప్పటికే పూర్తయ్యాయి. అందులో కెనడాలోని ఏ సస్కచ్వాన్ కుర్రాడో ఏప్రిల్ నెల ఫైనల్ ఓవర్‌టైమ్‌లో పక్‌ను గోల్‌లోకి పంపాడనుకోండి, తెల్లారేలోపు వాడి అమ్మమ్మ పుట్టిల్లు మిన్నెసోటాలోనే అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. డులూత్‌లో మాత్రం అయ్యుండదు.